ఎవరి గడియారం వెనక ఎవరు

లైటు మళ్ళీ కన్ను కొట్టింది. ఈ వయసులో నాకు కన్ను కొట్టేది ఈ ఎర్రలైటు ఒక్కటే అని సాయంత్రాలు కావా వేరు రసం గిన్నె చుట్టూ కూర్చుని తాగేవాళ్ళకి చెబితే కడుపుబ్బా నవ్వుతారు, కానీ ఇప్పుడు నవ్వడానికి లేదు, చెక్కగోడకి అవతలి గదిలో మా అక్క లూసియానే కూర్చుని ఉంది, అక్క వినేంత దూరంలో అలాంటి మాట నోట్లోకే కాదు బుర్రలోకి కూడా రానివ్వకూడదు, అయినా వచ్చింది, వచ్చినదాన్ని ఏం చేస్తాం, నడుముకి కట్టుకున్న చాప ఒకసారి సర్దుకున్నాను. చర్చికి కట్టుకునే మంచి చాప. ఇంట్లో కూర్చుని మీటలు నొక్కడానికి ఇదెందుకయ్యా అని మా ఆవిడ వీకా పొద్దున్నే ఎగతాళి చేసింది, అక్క పాడబోతుంటే చాప కట్టుకోకుండా ఎలా కూర్చుంటానే అన్నాను, గోడ అవతల ఉన్న అక్కకి నీ నడుం కనిపిస్తుందా అంది, నాకు కనిపిస్తుంది కదా అన్నాను. అంతవరకూ నా తెలివి బాగానే నడిచింది. ఆ తర్వాతే ఈ రికార్డింగు పెట్టె ముందు కూర్చున్నాను, కంప్యూటరు తెర మీద అది నన్ను నిన్న అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగింది, అప్పటినుంచీ తెలివి కొబ్బరిచెట్టెక్కి కూర్చుంది, దిగిరమ్మంటే రావడం లేదు.

ప్రశ్న చిన్నదే. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నాకు తెలిసిన మాటల్లో పెడితే, గడియారం ఎవరిది, అని. కింద రెండే జవాబులు. నా సొంతది. లేదా, తీగలో అవతలినుంచి వచ్చేది. ఏదో ఒకటి నొక్కాలి. ఈ పెట్టెలు మనిషి గొంతుని తరుగుతాయట, సెకనుకి నలభై ఎనిమిది వేల ముక్కలుగా, మా వీకా చామాకు ఎంత సన్నగా తరిగినా అంత సన్నగా రాదు, ఒక్క పెట్టె ఉంటే దాని ఇష్టం, రెండు పెట్టెలున్నప్పుడు మాత్రం రెండు కత్తులూ ఒక్క దెబ్బకే పడాలి, అందుకని ఒక పెట్టె గడియారం కొడుతుంటే రెండోది అది వింటూ, దాని వెనకే నడుస్తూ తరగాలి. ఇదంతా మా మేనల్లుడు ఆమానాకి నాకు ఫోన్లో చెప్పినదే, చెప్పినప్పుడు ఓహో అంతేనా అన్నాను, ఆ ఓహోలో ఎంత దమ్ముందో ఇప్పుడు తెలుస్తోంది. నా పెట్టె ఇక్కడ నా మోకాళ్ళ ముందుంది, మేనల్లుడు కొనిచ్చిన పెద్ద పెట్టె అవతల అక్క గదిలో ఉంది, రెంటి మధ్యా గోడ కింది సందులోంచి రెండు తీగలు, లోపల కరెంటు కాకుండా వెలుతురు పారే తీగలు, ఒకటి అక్క గొంతుని ఇటు తెస్తుంది, ఒకటి నా గొంతుని అటు తీసుకెళ్ళి అక్క చెవిలో వేస్తుంది. అంతా సరిగ్గానే ఉంది. పచ్చగా మారి నిలిస్తే రెండూ కలిసినట్టట, ఈ ఎర్రలైటు మాత్రం నిలవదు.

రేవులో ఓడ ఉంది. సరుకులెక్కిస్తున్నారు, ఇక్కడికి గొలుసుల చప్పుడు వినపడుతోంది. నియువా దీవికి ఓడ ఎప్పుడొస్తుందో దేవుడికీ, ఓడ ఇంజనుకీ తప్ప ఎవరికీ తెలియదు, రేపు ఆదివారం, ఆదివారం మా దేశంలో ఓడ కాదు కదా పిల్లల గాలిపటం కూడా కదలదు, కాబట్టి ఇవాళే, ఎండ చల్లబడేలోపే అక్కని ఎక్కించుకుని అది వెళ్ళిపోతుంది. పెళ్ళయి ఆ దీవికి వెళ్ళిన అక్క మళ్ళీ ఇక్కడికి, మా వవావు దీవికి రావడం, ఆ మోకాళ్ళతో ఆ అలల మీద, ఇంక జరిగే పని కాదు, అక్క కూడా ఆ మాట అనలేదు, నేనూ అనలేదు, వీకా ఒక్కతే అంది, అది దేన్నీ దాచుకోదు. అక్క వెళ్ళిపోతే ఆమెతోపాటు మా ఊరి కానోకానో వెళ్ళిపోతుంది. కానోకానో అంటే కీర్తనలో ఆడవాళ్ళు కిందుగా పాడే వరస. పైన నడిచే వరసని ఫాసి అంటాం, అది నాది, ఊళ్ళో ఎవడైనా పాడతాడు, పందులు కూడా పాడతాయి. కానీ తెల్లవారుజాము ప్రార్థనలో పాడే మా పాత కీర్తనకి మా ఊళ్ళో ఒక కానోకానో ఉంది, మూడో చరణంలో అది ఫాసిని వదిలేసి, తనొక్కతే చీకట్లో మెట్లు దిగినట్టు దిగి, ఎక్కడికో వెళ్ళి, అందరూ ఇంక పోయిందనుకున్నాక పక్కన వచ్చి నిలబడుతుంది. ఇప్పటి అమ్మాయిలు కీబోర్డు చూసి నేర్చుకున్నారు, వాళ్ళది ఫాసి పక్కనే తోకలా నడుస్తుంది, తప్పు లేదు, తోక కూడా దేవుడిచ్చినదే. కానీ అది ఇది కాదు. ఇది తెలిసిన గొంతు ఒక్కటే మిగిలింది, అది గోడ అవతల ఉంది, నేను గోడ ఇవతల కన్నుకొట్టే లైటుతో ఉన్నాను.

ఇద్దరూ ఒక్క గదిలో కూర్చుంటే ఒక్క పెట్టె చాలు కదా అని ఆక్లండులో నాకు ఈ పెట్టె ఇచ్చిన చర్చివాళ్ళు అడిగారు, వాళ్ళ పిల్లలు అక్కడ పుట్టినవాళ్ళు. ఏమని చెప్పను? చర్చిలో వేరు, అందరిలో కలిసి పాడతాం, చెయ్యి ఊపుతాను, ఇంట్లో ఒక్క గదిలో అక్కా నేనూ కాళ్ళు బారజాపుకుని కూర్చుని, కొంచెం గట్టిగా పాడక్కా, మళ్ళీ పాడక్కా, మైకు దగ్గరికి జరగక్కా, అంటానా నేను? నా నాలుక నా నోట్లో ఉండొద్దూ? మీసం మొలవకముందే, మా ఆచారం ప్రకారం, నన్ను అక్క ఉన్న ఇంట్లోంచి మగపిల్లల పాకలోకి పంపేశారు, అప్పటినుంచీ అక్క పడుకునే గదిలో నేను అడుగు పెట్టింది లేదు, ఆమె ఎదుట నవ్వులాట ఆడింది లేదు. ఊళ్ళో అందరికీ నేను కోతలరాయుణ్ణి, తిమింగలాలొచ్చే కాలంలో మైకుని సముద్రంలోకి దించితే తల్లి తిమింగలం పిల్లకి కీర్తన నేర్పుతూ వినిపించిందని, అందులో కానోకానో మాత్రం మా ఊరిదేనని నేను చెబితే పడవల మీద వచ్చిన తెల్లవాళ్ళు కూడా రాసుకుని వెళ్ళారు. అక్క ఎదుట మాత్రం నేను మూగవాణ్ణి, అక్కకి తన తమ్ముడు మహా మితభాషి అని పేరు, నియువాలో అలాగే చెబుతుందట, మా తమ్ముడు లిసియాటే పెద్దగా మాట్లాడడు అని. విన్నవాళ్ళు సముద్రంలో దూకి ఉంటారు.

నిరుడు సంగతి వేరు. నిరుడు చర్చివాళ్ళందర్నీ కూర్చోబెట్టి రికార్డు చేస్తే పాట మధ్యలో టక్, టక్, టక్. పక్కింటి ఆడవాళ్ళు చెట్టు బెరడుని గుడ్డగా సాగగొడుతున్నారనుకున్నాను, వెళ్ళి కంచె మీదినుంచి అరిచాను, ఇక్కడ దేవుడి పాట రికార్డవుతోంది, మీ సమ్మెటలు కాసేపు ఆపలేరా అని. వాళ్ళలో పెద్దావిడ బయటికొచ్చి, మేం బెరడు కొట్టి వారమైంది, నీ బుర్ర లోపల ఎవరైనా కొడుతున్నారేమో చూసుకో అంది. నా పెట్టే, అరువు తెచ్చిన ఇంకో పెట్టే రెండూ అప్పుడు ఎవరి గడియారం వాళ్ళు పెట్టుకుని కూర్చున్నాయట, ఎవరి వెనకా ఎవరూ నడవం అన్నట్టు, ఒకటి తరిగే దెబ్బా ఇంకొకటి తరిగే దెబ్బా కాస్త కాస్త ఎడంపడి, ఆ ఎడంలో ఒక టక్. అది తెలిశాక నాకు సంతోషం వేసింది. ఇంతేనా, అయితే ఇద్దరిలో ఒకళ్ళు పెద్ద, ఒకళ్ళు చిన్న, అంతే కదా, ఈ లెక్క మా దేశంలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. అక్క గదిలో పెట్టె పెద్దది. అక్క కొడుకు ఇచ్చినది. నా పెట్టె దాని వెనక నడుస్తుంది. నిన్న తెర మీద రెండో జవాబు నొక్కాను, తీగలో వచ్చేది, అని. మనసు చల్లబడింది.

అలా చల్లబడిన మనసుతోనే నిన్న సాయంత్రం ఒక్క చరణం పాడి చూశాం. తిప్పి విన్నప్పుడు నా ఒళ్ళు చల్లబడింది. పాట మొదలైన చోట లేదు. దిగుతోంది. చింకిచాప మీద కూర్చున్నవాడు జారినట్టు, ఇద్దరం కలిసి, మెల్లగా, సిగ్గు లేకుండా, కిందికి. చరణం చివరికి ఎక్కడో బావిలో ఉన్నాం. అక్క గొంతు పోయిందనుకున్నాను. అంతే అనుకున్నాను, ఇంకేం తోచలేదు, ముసలిదైపోయింది, శ్రుతి నిలవడం లేదు, ఆమె దిగుతుంటే తమ్ముణ్ణి కదా, నేనూ తెలియకుండా వెంట దిగాను. వరండాలోకి వెళ్ళి చాలాసేపు పందుల వంక చూస్తూ నిలబడ్డాను. ఆ మాట అక్కకి చెప్పేదెవరు? ఆమె వినకుండా దాచెయ్యాలనుకున్నాను. దాచేలోపే వీకా హెడ్‌ఫోన్లు పట్టుకెళ్ళి ఆమె చెవులకి తగిలించేసింది, వదినా విను ఎంత బాగా వచ్చిందో అని. దానికి శ్రుతీ తెలియదు, గోతీ తెలియదు. అక్క అంతా విని, హెడ్‌ఫోన్లు తీసి, మడిచి ఒళ్ళో పెట్టుకుందట, ఒక్క మాటే అంది. గోడ అవతలినుంచి నాకూ వినిపించింది.

“తమ్ముడి గొంతు అలసిపోయిందే వీకా. పాపం వాడు దిగుతున్నాడు, పాటల పంతులు కదా అని నేనూ వాడి వెంట దిగాను. వాడికి చెప్పకు, బాధపడతాడు.”

రాత్రి నిద్రలేదు. ఎవరు దిగారు? ఆమె దిగిందని నేను, నేను దిగానని ఆమె. పొద్దున లేచి కొబ్బరిచెట్టు కింద నిలబడి నా ఫాసి నేనే పాడి చూసుకున్నాను, బాగానే ఉన్నట్టుంది, కానీ ముసలివాడికి తన గొంతు ఎప్పుడూ బాగానే ఉన్నట్టుంటుంది, కోడిపుంజుకి కూడా అంతే, అందుకని నమ్మలేదు. మా స్వరాలు మూడుతో మొదలవుతాయి, మూడు నాలుగు అయిదు ఆరు అని అంకెలు వేసుకుని పాడతాం, ఒకటీ రెండూ ఎందుకు లేవని చిన్నప్పుడు బళ్ళో అడిగితే అవి దేవుడు తన దగ్గర పెట్టుకున్నాడన్నారు, నిన్న పాటలో మేం జారి జారి వెళ్ళింది ఆ రెంటి దగ్గరికేనేమో. మూడు అనుకుని మొదలుపెట్టాను, అది మూడేనా అని అనుమానం వచ్చింది. ఒక్కసారి అనుమానం వచ్చిందంటే మూడు మూడుగా ఉండదు. ఇన్నేళ్ళు ఊరంతటికీ శ్రుతి ఇచ్చినవాణ్ణి, మంగళవారాలు పిల్లల చెవులు మెలేసి మరీ ఇచ్చినవాణ్ణి, చెట్టు కింద నిలబడి నా మూడు ఎక్కడుందో వెతుక్కున్నాను.

“ఏమయ్యా, ఆ లైటుకి హారతి ఇస్తున్నావా?” వీకా గుమ్మంలో నిలబడింది, చేతినిండా చామాకుల పొట్లాలు, అక్క ఓడలో తినడానికి. “వదిన చెవులకి అవి తగిలించుకుని తయారుగా కూర్చుంది. ఓడవాళ్ళు నీ తాతకి చుట్టాలు కారు, ఆగరు.”

“ఆ గదిలో పెట్టెకి కూడా లైటు ఉంటుంది. ఏ రంగో చూసి చెప్పు.”

“ఇందాకే చెప్పాగా. ఎర్రగా, వెలుగుతూ ఆరుతూ.”

“పక్కన మీట ఎటుంది?”

“ఆ మీటలు నేను ముట్టను. నిరుడు ఒకటి ముట్టినందుకు వారంపాటు ఆ ముట్టినదే పాడావు. మీ మేనల్లుణ్ణే అడుగు.”

మేనల్లుణ్ణి అడగడం అంటే మా ఇళ్ళల్లో చిన్న విషయం కాదు. అక్క కొడుకు. మా ఆచారం లెక్కలో నాకన్నా వాడే పెద్ద, వాడు నా ఇంటికొచ్చి నా పందిని తోలుకుపోవచ్చు, చాప చుట్టుకుపోవచ్చు, నేను సంతోషంగా నిలబడి తాడు అందించాలి. ఒకసారి నిజంగానే నా సైకిలు పట్టుకుపోయాడు, దాంతోపాటు సైకిలు మీద కూర్చున్న కోడిని కూడా, కోడి నాది కాదు, పక్కింటివాళ్ళది, ఆ గొడవ ఇప్పటికీ ఉంది. రాజధాని నుకుఅలోఫాలో పని చేస్తాడు, శనివారం ఇంట్లోనే ఉంటాడు. ఫోను చేశాను. గొంతు తగ్గించాను, గోడ పలచన.

“ఆమానాకీ, లైటు నిలవడం లేదురా.”

“ఏం పెట్టావ్ మామా?”

“మీ అమ్మ పెట్టె గడియారం వెనకే నా పెట్టె నడవాలని పెట్టాను. మరి అంతే కదా?”

అవతల వాడు నవ్వుతున్నాడో దగ్గుతున్నాడో తెలియని చప్పుడు.

“మామా, ఆ పెట్టె పంపేటప్పుడు నేనూ ఒకటి పెట్టాను. పాట దగ్గర నువ్వే పంతులివి కదా, చెయ్యి ఊపేది నువ్వు కదా అని, నీ పెట్టె గడియారం వెనకే నడవమని దాన్ని పెట్టి పంపాను.”

“అంటే?”

“అంటే అది నీ వెనక. నువ్వు దాని వెనక. రెండూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతున్నాయి. గడియారం కొట్టేవాడే లేడు. పాట జారిందా?”

“జారింది.”

“జారుతుంది మరి. నీ గొంతు కాదు, అమ్మ గొంతు కాదు. ఎవరో ఒకళ్ళు ముందు నడవాలి. నీది చేతిలో ఉంది, నీది సొంత గడియారానికి మార్చెయ్, అయిపోతుంది.”

“అక్క పెట్టె నా వెనక నడుస్తుందా?”

“పెట్టె మామా. అమ్మ కాదు.”

“నువ్వంటావ్. నువ్వు నా పందిని తోలుకుపోయేవాడివి.”

“నీకు అంత కష్టంగా ఉంటే అమ్మనే మీట తిప్పమని చెప్పు, అప్పుడు ఆవిడదే ముందు నడుస్తుంది.”

“అక్కకి పని చెప్పనా?”

“ఏదీ వద్దంటే మీరిద్దరూ జారుతూ ఉండండి,” అని వాడు ఫోను పెట్టేశాడు, పెట్టేసే హక్కు వాడికుంది.

ఊపిరి వచ్చింది, గొంతు నాది పోలేదు, ఆమెదీ పోలేదు, ఆ సంతోషం ఒక్క క్షణం నిలబడింది, వెంటనే పాత చిక్కు ఇంకా పెద్దదై వచ్చి దాని చోట కూర్చుంది. ఇప్పుడు తెలిసి చెయ్యాలి. తెలియక దిగడం వేరు, తెలిసి ముందు నడవడం వేరు. తెర మీద ఆ రెండు వరసలు చూస్తున్నాను, నా సొంతది, తీగలో వచ్చేది, చూస్తున్నకొద్దీ ఏది ఏదో తెలియడం లేదు, లోకంలో రోజు మొదలయ్యేది మా దేశంలోనే అని బళ్ళో చెప్పారు, భూగోళం మీద తిన్నగా వస్తున్న తేదీ మారే గీత మా దీవుల దగ్గరికొచ్చేసరికి మర్యాదగా వంగి చుట్టూ తిరిగి వెళుతుందట, అంటే అందరి గడియారాలూ మా వెనకే నడవాలి, మరి మేం ఎవరి వెనక నడుస్తాం, చర్చి గడియారం వెనకా, ఆ గడియారాన్ని మా నాన్న తిప్పేవాడు, చర్చి గంట విని ఇంట్లో గడియారం సరిచేసుకునేవాడు, ఆదివారం చర్చికెళ్ళి ఇంటి గడియారం చూసొచ్చిన లెక్కతో చర్చి గడియారం సరిచేసేవాడు, ఊరంతా హాయిగా ఉండేది, ఒకసారి పడవలో వచ్చినవాడెవడో మీ ఊరు అరపూట వెనకబడి ఉందన్నాడు, అన్నం తినే వేళకి వచ్చి అలాంటి మాట అనడం ఏం మర్యాద అని నాన్న వాణ్ణి తిట్టాడు. అక్క అప్పుడు నవ్వింది. అక్క నవ్వడం నేను చూసిన రోజులు అవి, అప్పటికింకా ఒకే చాప మీద పడుకునేవాళ్ళం, తల ఒకవైపు, కాళ్ళు ఒకవైపు. ఆమె అరచేత్తో నా నుదుటి మీద దెబ్బ వేస్తూ అంకెలు నేర్పేది, మూడు, నాలుగు, అయిదు, తప్పితే గట్టిగా వేసేది. అప్పుడు ఎవరు ముందు? అప్పుడు ఆ ప్రశ్న లేదు. పాకలోకి వెళ్ళిన రాత్రి నుంచి అది ఉంది, ఆమె దారిలో వస్తుంటే నేను పక్కకి తప్పుకుంటాను, ఆమె పెళ్ళిలో ముందు వరసలో ఆమె, వెనక వంటపొగలో నేను, మా నాన్న చనిపోయినప్పుడు తల దగ్గర ఆమె, కాళ్ళ దగ్గర నేను, ఇదంతా నాకు బరువు కాదు, ఇది తీసేస్తే నేను ఎక్కడ నిలబడాలో నాకే తెలియదు. ఇప్పుడొక చిన్న పెట్టె, అగ్గిపెట్టెలాంటి మెదడు దానికి, ముందుకి రా అంటోంది. వేలు మీట మీద పెట్టాను. తీశాను. చాప కట్టుకున్నవాడు చెయ్యాల్సిన పనేనా ఇది, చాప విప్పి చేస్తే తప్పు తగ్గుతుందా, లేక ఇంకా పెరుగుతుందా?

రేవులో ఓడ కూత వేసింది.

రాజుగారు మా దీవికొచ్చినప్పుడు చూశాను. ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు, కూతకేమో. రాజుగారి కారుకి ముందు మోటారుసైకిలు మీద ఒక పోలీసు. అందరికన్నా ముందు వాడే. మేం రోడ్డుపక్క నేల మీద కూర్చున్నాం, వాడు ముందు వెళ్ళాడు, ఎవరూ వాడికి తల వంచలేదు, చూడను కూడా చూడలేదు, వాడి బూటుకి పేడ అంటుకుని ఉంది. రోడ్డు మీద వాననీళ్ళలో గుంట ఎక్కడుందో వాడు చూసుకుంటూ వెళుతున్నాడు, కారు వాడి వెనకే నెమ్మదిగా. ముందు నడిచేవాడు పెద్దవాడని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. అక్క ఊరికొచ్చినప్పుడల్లా చర్చిలో నేను చెయ్యి ఊపుతుంటే నా చేతి వెనకే పాడుతుంది కదా, అప్పుడు నేనేమైనా పెద్దవాణ్ణయ్యానా, ఊపడం అయ్యాక వెనక బల్ల మీదకే కదా వెళ్ళి కూర్చుంటాను. ఇది తెలివా, తెలివిలా వేషం వేసుకున్న తిరకాసా? కావా దగ్గర నేను చెప్పే కోతలన్నీ ఇలాగే మొదలవుతాయి, ముందు నేను నమ్ముతాను, తర్వాత వాళ్ళు నమ్ముతారు. తేల్చుకునే వ్యవధి లేదు. పోలీసువాడి బూటు తలుచుకుంటూ మొదటి వరస మీద నొక్కాను, నా సొంతది, అని.

లైటు ఆగింది. పచ్చగా, కన్నార్పకుండా.

“ఇక్కడ కూడా పచ్చబడిందయ్యా,” అని అవతలినుంచి వీకా అరిచింది, పంది ఈనిందన్నంత సంబరంగా. రికార్డు మీట నొక్కి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. చెవిలో అక్క గదంతా వచ్చేసింది, కుర్చీ కిర్రు, విసనకర్ర, ఆమె ఊపిరి. ఆమె ఊపిరి ఇంత దగ్గరగా నేను విని ఎన్నాళ్ళయింది. ఎదురుచూస్తున్నాను, ఆమె మొదలుపెడుతుందని, అక్క కదా. ఊపిరి తప్ప ఏమీ రావడం లేదు. ఆమె కూడా వింటోంది, నా ఊపిరి. విసనకర్ర ఆగింది. గోడకి చెరోవైపు ఇద్దరం ముసలివాళ్ళం ఒకరి ఊపిరి ఒకరం వింటూ, పెట్టెల గొడవ ఇప్పుడే కదా తీరింది, ఇంకా ఏం కావాలి, ఏదో పాడైందేమో అని లైటు చూశాను, పచ్చగానే ఉంది. అప్పుడు వెలిగింది నాకు. కానోకానో పాడే మనిషి ఎప్పుడూ ముందు మొదలుపెట్టదు. ఫాసి లేకుండా అది దేని మీద నిలబడుతుంది? ఆమె మర్యాదకి ఆగలేదు, పనికి ఆగింది. మూడు అనుకున్నాను. ఈసారి అది మూడో కాదో అని అడగలేదు. ఎత్తుకున్నాను.

వచ్చింది. నేను రెండో మాట మీద ఉండగా కింద ఎక్కడినుంచో వచ్చి ఆనుకుంది, పడవ పక్కకి ఇంకో పడవ వచ్చి ఆనినట్టు, తగిలిన చప్పుడు లేదు, కానీ నా కింద నీళ్ళు కదిలాయి. ముసలి గొంతే. అంచుల్లో పీచు లేచింది, పొడుగు స్వరాల చివర వణుకుతోంది, కానీ జారలేదు, ఒక్క వెంట్రుకవాసి జారలేదు, మొదటి చరణం ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కూర్చుంది. రెండోది కూడా. మూడో చరణంలో ఆమె దిగడం మొదలుపెట్టింది. అందరిలో పాడేటప్పుడు ఈ దిగడం ఎప్పుడూ నాకు సగమే వినిపించేది, నలభై గొంతుల మధ్య, చెయ్యి ఊపే కంగారులో. ఇప్పుడు ఒక్కతే నా రెండు చెవుల మధ్య దిగుతోంది, ఒక్కో మెట్టూ కాలితో తడిమి చూసుకుంటూ, నేను పట్టుకున్న స్వరం మీద నిలబడాలి, నా పని అంతే, కదలకుండా నిలబడటం, నిలబడలేకపోయాను. నోరు తెరిచే ఉంది, ఫాసి లేదు. ఆమె ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నేను లేని చోట నేనున్నట్టే పాడుకుంటూ వెళ్ళింది, పైన వరస లేదు, గోడలు లేకుండా కప్పు ఒకటే గాలిలో నిలబడినట్టు, ఎవరూ ఎప్పుడూ ఒంటిగా విననిది, అడుగుదాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఉండి, పైకొచ్చి, నేను నిలబడి ఉండాల్సిన చోటు పక్కన వచ్చి నిలబడింది. ఆ పక్కన నేను లేను. ఆమేన్ కూడా ఆమె ఒక్కతే పాడింది.

ఓడ మళ్ళీ కూసింది, ఈసారి పొడుగ్గా. హెడ్‌ఫోన్లు తియ్యలేదు. చేతులు వాటంతటవే తిప్పి పెట్టాయి, మొదటి స్వరం విన్నాను, చివరి స్వరం విన్నాను, రెండూ ఒకటే. వీకా అవతల అక్కకి కూడా వినిపిస్తోంది, మొదటినుంచీ మొత్తం విననిచ్చాను. అంతా అయ్యాక అక్క గోడ అవతలినుంచి, వీకాతోనే, కానీ నాకు వినపడేంత గట్టిగా అంది.

“మూడో చరణంలో వాడు ఆగిపోయాడేంటే?”

“ఏమో వదినా. ముసలాడు, ఎంగిలి మింగుతున్నాడేమో.”

“ఒంటిగా వదిలేశాడు నన్ను. వింటుంటే చాప కట్టుకోకుండా చర్చికెళ్ళినట్టుంది నాకు. దాన్ని చెరిపెయ్యమని చెప్పు. మళ్ళీ పాడదాం, ఈసారి సరిగ్గా నిలబడమను.”

“ఓడ వదినా!”

“ఓడ నడిపేది నా ఆడబిడ్డ కొడుకు. అత్త ఎక్కలేదని చెప్పు. ఎక్కకుండా వాడు ఎటు పోతాడో నేనూ చూస్తాను. నువ్వు రేవుకెళ్ళేముందు అది చెరిపాడో లేదో కనుక్కుని వెళ్ళు.”

వీకా గుమ్మంలోకొచ్చింది. తెర మీద చెరిపే గుర్తు కూడా చిన్నదే, చెత్తబుట్ట బొమ్మ. అక్క ఒక మాట చెబితే నేను చెయ్యకపోవడమనేది ఈ జన్మలో లేదు, ఊళ్ళోవాళ్ళకి ఎన్ని అబద్ధాలు చెప్పానో లెక్కలేదు, అక్కకి ఒక్కటి కూడా చెప్పలేదు, చెప్పేంత మాట్లాడితే కదా. వేలు ఆ బొమ్మ మీద ఉంది. గోడ అవతల విసనకర్ర మళ్ళీ మొదలైంది. ఆ మూడో చరణాన్ని వేరే పేరు పెట్టి, తిమింగలం అని పేరు పెట్టి, వేరే చోట దాచాను.

“చెరిపేశాడని చెప్పు,” అన్నాను.

వీకా తెర వంక చూసింది, నా వంక చూసింది. ఇన్నేళ్ళలో అది నన్ను ఎప్పుడూ అలా చూడలేదు. వెళ్ళి చెప్పింది. రేవు వైపు దాని చెప్పుల చప్పుడు పరుగులాంటి నడకగా వెళ్ళింది. నేను చేసింది అమర్యాదో, మరేదో, దానికి పేరేదైనా ఉందో లేదో తెలియదు. హెడ్‌ఫోన్లలో అక్క ఊపిరి మళ్ళీ సర్దుకుంటోంది. చివరి స్వరాలు ఇందాక ఆమెకి కాస్త ఎత్తయినట్టు అనిపించింది. గొంతు సవరించుకుని, ఈసారి కొంచెం కిందికి ఎత్తుకున్నాను.